సున్నం ఉడికిన రోజులు

సంక్రాంతికి రెండు వారాల ముందే పెరట్లోకి కాల్చిన సున్నపురాళ్ల గోనెసంచి దిగేది. చూడ్డానికి మామూలు రాళ్లే, కాస్త బూడిద తిరిగిన తెలుపు. చేత్తో ఎత్తితేనే తేడా తెలిసేది. ఆ సైజు రాయికి ఉండాల్సిన బరువు ఉండేది కాదు. రెండిటిని తాటిస్తే రాయి చప్పుడు రాదు, పెంకు చప్పుడు వచ్చేది. సగం నీళ్లు పోసిన ఇనుప డ్రమ్ములోకి ఆ రాళ్లు ఒక్కొక్కటే జారేవి. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత సన్నగా బుసబుస, పగుళ్ల చప్పుడు, ఆవిరి, ఆ వెనకాలే డ్రమ్ము మొత్తం కుతకుత. కింద ఒక్క పుల్ల మంట కూడా లేదు, నీళ్లు మాత్రం మరుగుతున్నాయి. పిల్లలు గుమిగూడితే పెద్దల కేక: "దూరం జరగండర్రా, కళ్లల్లో పడుద్ది!"

బళ్లో సామాన్యశాస్త్రం చెప్పింది వేరు. వెనక్కి తిప్పగలిగితే భౌతిక మార్పు, తిప్పలేకపోతే రసాయనిక మార్పు. మంచు కరగడం, పంచదార నీళ్లలో కలవడం ఒక గడిలో. కాగితం కాలడం, ఇనుము తుప్పు పట్టడం ఇంకో గడిలో. నిలువు గీత గీసి అటు నాలుగు, ఇటు నాలుగు రాస్తే మార్కులు పడేవి. పెరట్లో ఉడికే సున్నం మాత్రం ఆ గీతకు లొంగదు. అది వరసగా మూడు రసాయనిక మార్పులు దాటి, చివరికి బయల్దేరిన చోటికే, అంటే రాయిలోకే వస్తుంది. ఇటు పక్క, కింద పడి పగిలిన కుండను ఎవరూ మళ్లీ కుండ చెయ్యలేరు, అయినా అది భౌతిక మార్పే. పెంకు ముక్కలోనూ ఉన్నది అదే కాల్చిన మట్టి. వెనక్కి తిరగడం, తిరగకపోవడం గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే కొండగుర్తు, అంతే. అసలు అడగాల్సింది లోపలి సరుకు మారిందా లేదా అని.

ఈ మాటకు సున్నపు బట్టీని మించిన సాక్ష్యం లేదు. పల్నాటి పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపురాయి గనులూ బట్టీలూ ప్రసిద్ధం. ఊరికి లైమ్ సిటీ అన్న పేరే పడింది. బట్టీలో రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి కాలుస్తారు. దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాయి, అంటే కాల్షియం కార్బొనేట్, తనలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, వదిలేసి పొడిసున్నం అవుతుంది. పొడిసున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. మలినాలు లేని 100 కిలోల రాయి పూర్తిగా కాలితే మిగిలేది 56 కిలోలే. తక్కిన 44 కిలోలు కంటికి కనపడకుండా గాలిలో కలుస్తాయి. తమాషా ఏమిటంటే రాయి ఆకారం ఇంచుమించు అలాగే ఉంటుంది. బట్టీలోకి పిడికెడంత రాయి వెళ్తే పిడికెడంతే బయటికి వస్తుంది, బరువు సగానికి దిగి. చేతిలో తేలిగ్గా తగలడం, పెంకులా మోగడం అందుకే. అదే రాయిని కాల్చకుండా రోకలితో దంచితే పిండి పిండి అవుతుంది, ఆకారం ఆనవాలు కూడా మిగలదు, సరుకు మాత్రం ఏమీ మారదు. ఆకారం చూసి తీర్పు చెప్పేవాడు ఈ రెండు చోట్లా బోల్తా పడతాడు.

అలా బోల్తా పడిన గోడలు లేకపోలేదు. సున్నం కొనే ఖర్చు ఎందుకని ముగ్గుపిండినే నీళ్లలో కలిపి కొడితే, తడి ఉన్నంతసేపు గోడ తెల్లగానే కనిపిస్తుంది. ఆరాక చెయ్యి ఆనిస్తే చేతికి, వీపు ఆనిస్తే చొక్కాకి. ముగ్గుపిండి దంచిన రాతిపొడి. నీళ్లు ఆవిరైతే మళ్లీ పొడే. పట్టు పుట్టడానికి అందులో జరిగేదేమీ లేదు.

బట్టీలో మంట సమంగా అందకపోతే రెండు రకాల తప్పు సరుకు వస్తుంది. మంట చాలని రాయికి పైన సున్నం, నడిమధ్య పచ్చిరాయి అలాగే మిగిలి ఉంటుంది. అది నీళ్లలో విరగదు, అంటే ఉడికి పిండి కాదు, డ్రమ్ము అడుగున గడ్డగా మిగిలిపోతుంది. దానితో పోయేది డబ్బే, గోడకు నష్టం లేదు. మంట మితిమీరి కాలిన రాయి అసలు ప్రమాదకారి. అది బిగుసుకుపోయి నీళ్లను అంత తొందరగా లోపలికి రానివ్వదు. డ్రమ్ములో ఉన్న రెండు రోజులూ నోరు మూసుకుని కూర్చుని, గిలాబులో, అంటే గోడ పూతలో, భాగమై గోడకెక్కాక, నెలల తర్వాత తీరిగ్గా తడి పీల్చి ఉబ్బుతుంది. పైన గోడ చిన్న గిన్నెంత పెచ్చు ఊడి, గుంట నడుమ తెల్లటి చుక్క కనిపిస్తుంది. పాత ఇళ్లలో గోడల మీది ఆ మశూచి మచ్చలకు మేస్త్రీనే తిట్టేవాళ్లు కానీ, తప్పు చాలాసార్లు బట్టీది. జల్లెడ పట్టకుండా, నానబెట్టాల్సినన్నాళ్లు నానబెట్టకుండా వాడితే మాత్రం తప్పు మేస్త్రీదే.

ఇక డ్రమ్ము సంగతి. పొడిసున్నం నీటితో కలిసి తడిసున్నం అవుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ అన్నమాట. 56 కిలోల పొడిసున్నం 18 కిలోల నీటిని తనలో కట్టేసుకుంటుంది, అంటే కిలోకు 320 గ్రాముల చొప్పున. కట్టేసుకుంటుంది అంటే గుడ్డ తడిసినట్టు కాదు. తడిసిన గుడ్డను పిండితే నీళ్లొస్తాయి, ఎండలో వేస్తే ఆరిపోతుంది. తడిసున్నాన్ని ఎంత ఎండలో ఎండబెట్టినా ఆ 18 కిలోలు రావు. మళ్లీ బట్టీ వేడి తగలాల్సిందే. ఆ కలయికలో పుట్టే వేడి కూడా తక్కువేం కాదు. కిలో మంచి సున్నం విరిగితే వచ్చే వేడిని వృథా పోకుండా పట్టుకోగలిగితే మూడు లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగించవచ్చు.

అందుకే ఈ పనికి పాత్ర, వరస, దూరం మూడూ నియమంగా ఉండేవి. ముందు నీళ్లు, తర్వాత సున్నం. సున్నం ముందేసి పైనుంచి చెంబెడు నీళ్లు చల్లితే వేడంతా ఒకేచోట పుట్టి, తడి రేణువులు మొహం మీదికి చిమ్ముతాయి. నీళ్లు మరీ తక్కువైతే సున్నం కాలి గరగరలాడే నూకలా తయారవుతుంది, ఎంత కలిపినా వెన్నలా రాదు. ఒకేసారి మరీ ఎక్కువ చన్నీళ్లలో ముంచినా వేడి చాలక సగం సగం విరుగుతుంది. మూత బిగించడం అన్న మాటే లేదు. కలపడానికి పొడుగాటి కర్ర. పాత్ర మట్టి తొట్టో ఇనుప డ్రమ్మో అయి ఉండాలి. అల్యూమినియం బక్కెట్ మాత్రం పనికిరాదు, సున్నం దాన్ని తినేస్తుంది, బుడగలు బుడగలుగా హైడ్రోజన్ వస్తుంది. జింకు పూత బక్కెట్‌కూ అదే గతి, కాకపోతే కాస్త నెమ్మదిగా. కంట్లో పడితే ఆలోచించకుండా వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పరుగు. తడిసున్నపు తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, అంటే ఘాటైన క్షారం. కంటి తెరకు ఆమ్లం కంటే క్షారమే ఎక్కువ కీడు, లోపలికి చొచ్చుకుపోతుంది కాబట్టి.

గోడకు కొట్టే సున్నానికి కిలో పొడిసున్నానికి మొత్తం మీద అయిదు లీటర్ల నీళ్లు లెక్క. విరిగాక కనీసం ఒక రోజు నాననిచ్చి, ముతక గుడ్డలో వడకట్టాలి. అలా వడకట్టిన పాలసున్నం లీటరుకు నాలుగు గ్రాముల తుమ్మబంక, వేడినీళ్లలో కరిగించి. కిలో సున్నానికి మూడు గ్రాములు మించకుండా నీలిమందు. చాలా ఇళ్లలో ఈ మూడు గ్రాముల దగ్గరే చెయ్యి జారేది, పండక్కి ఇల్లు ఆకాశం అయ్యేది. నీలిమందు చేసేది రసాయనిక పనేం కాదు. సున్నంలోని పసుపు ఛాయను నీలంతో కప్పి కంటికి తెలుపు అనిపిస్తుంది. కొందరు పిడికెడు ఉప్పు కూడా వేసేవారు. అందులో చాదస్తం లేదు. ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది, ఆ తడి ఎందుకు కావాలో గోడ మీద జరిగే మూడో మార్పు చెబుతుంది.

గోడను ముందుగా నీళ్లతో తడిపి, పీచు కుంచెతో ఒకసారి నిలువుగా, అది ఆరాక ఒకసారి అడ్డంగా వేస్తే పని కుదిరేది. కొట్టినప్పుడు గోడ వెలిసిపోయినట్టు, కింది మట్టి రంగు కనపడుతూ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఇంకా చిక్కగా కలపాలేమో అనుకుని పొరపాటు చేసేది ఇక్కడే. గంటలో గోడ తెల్లబడుతుంది. ఆ తెల్లబడటంలో రెండు మార్పులు ఒకదాని మీద ఒకటి నడుస్తున్నాయి. రేణువుల మధ్య ఉన్న నీళ్లు పోయి గాలి చేరగానే వెలుతురు చెల్లాచెదరై తెల్లగా కనిపిస్తుంది. అది భౌతిక మార్పు. తడిపితే మళ్లీ వెలిసినట్టే కనిపిస్తుంది, వానకు తడిసిన పాత గోడ చూడండి. దాని వెనక, రోజులూ వారాలూ పట్టే ఇంకో పని నడుస్తుంటుంది. తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, నీటిని వదిలి మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. 74 కిలోల తడిసున్నం 100 కిలోల రాయి అవుతుంది. బట్టీలో పోగొట్టుకున్న 44 కిలోలూ గోడ మీద తిరిగి వసూలయ్యాయన్నమాట.

ఈ మూడో మార్పుకు కాస్త తడి కావాలి. గాలిలోని వాయువు ముందు ఆ తడిలో కరిగితేనే సున్నాన్ని అందుకోగలదు. గోడ మరీ నీళ్లోడుతుంటే గాలి లోపలికి దూరదు. మరీ ఎండిపోతే కరగడానికి తడి ఉండదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, తడపని గోడకు చిక్కటి సున్నం కొట్టేస్తే గంటలో ఎండి పొడిగానే ఆగిపోతుంది. తాకితే చేతికి అంటుకునే సున్నం అంటారు దాన్ని. పల్చగా రెండుసార్లు వెయ్యమని పెద్దవాళ్లు చెప్పిన దానికి, ఉదయం పూటో పొద్దు వాలాకో పని పెట్టుకోవడానికి కారణం ఇదే. చిక్కగా ఒకేసారి వేస్తే పైపొర రాయి అయి లోపలిది తడిసున్నంగా మిగిలి, పెచ్చులు లేస్తుంది.

గోనెసంచి మూట విప్పి మరిచిపోతే ఇదే పని అక్కర్లేని చోట జరుగుతుంది. పొడిసున్నం గాలిలోని చెమ్మను, వాయువును పీల్చి పిండిగా రాలిపోతుంది. నీళ్లలో వేస్తే బుసా ఉండదు, వేడీ ఉండదు. చచ్చిన సున్నం అది. ఒక చిన్న ముక్క మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి పరీక్ష చేశాకే డబ్బులివ్వడం తెలివైన బేరం. తడిసున్నం మాత్రం పైన జానెడు నీళ్లు నిలబెట్టి ఉంచితే నెలల తరబడి చెడదు సరికదా, వెన్నలా నున్నగా అవుతుంది. తాంబూలపు పళ్లెంలోని సున్నపు కాయ మీద సన్నటి పెళుసు తెట్టు కడుతుందే, వేలితో నొక్కితే చిట్లుతుందే, అది గాలి తగిలిన మేరకు తిరిగి రాయి అయిన సున్నం.

ఇక ఇల్లు కట్టే సున్నం సంగతి. ఇసుకా సున్నం ఎద్దుల గానుగలో రుబ్బి తీసిన డంగుసున్నం గట్టిపడేది పైన చెప్పిన పద్ధతిలోనే, గాలి పీల్చి. మందపాటి గోడల్లో నడిమధ్యకు గాలి చేరడానికి ఏళ్లు పడుతుంది. 1591 నాటి చార్మినార్ నిలిచింది రాయి, సున్నం మీదే. నీళ్లు తగిలే చోట, నూతి ఒరల్లో, తొట్లలో, ఇసుక బదులు ఇటుకపొడి కలిపేవారు, సుర్కీ అని. కాల్చిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి వేరే పదార్థమే తయారవుతుంది, దీనికి గాలితో పని లేదు, నీళ్లలోనూ గట్టిపడుతుంది. ఇసుకతో కలిపితే సున్నం తిరిగి సున్నపురాయి అవుతుంది, ఇటుకపొడితో కలిపితే మాత్రం ఇక వెనక్కి రాదు. అదే డ్రమ్ములోని సున్నం, పక్కన చేరినవాణ్ణి బట్టి గతి మారిపోతుంది.

ఇంటి లోపల సున్నం చేసే గారడీ పసుపుతో. పెళ్లికూతురి కాళ్లకు పారాణి, హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు, రెండూ పసుపూ సున్నమే. చెంచాడు పసుపు నీళ్లలో కలిపి పెసరగింజంత సున్నం వేస్తే చాలు, ఎర్రబడుతుంది. పసుపులోని కుర్క్యుమిన్ క్షారం తగిలితే ఎరుపు, ఆమ్లం తగిలితే పసుపు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చగా అయిపోతాయి, మళ్లీ సున్నం వేస్తే ఎరుపు. బళ్లో చెప్పిన కొండగుర్తు ప్రకారం ఇది భౌతిక మార్పు కావాలి మరి. కానే కాదు. ప్రతిసారీ అణువులోంచి హైడ్రోజన్ ఊడుతోంది, వచ్చి చేరుతోంది. చొక్కా మీది పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడి గుండె గుభేల్‌మనేదీ ఇందుకే. జాడిస్తే పచ్చబడుతుంది, ఎండలో వేస్తే వెలుతురుకే ఆ రంగు విరిగి మరక పోతుంది. ఇది మాత్రం వెనక్కి రాదు.

సున్నపుతేట ప్రయోగం గుర్తుండని వాళ్లుండరు. లీటరు నీళ్లలో చెంచాడు తడిసున్నం వేసి బాగా గిలకొట్టి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట వంచుకుంటే సిద్ధం. ఎంత సున్నం పోసినా లీటరుకు కరిగేది 1.7 గ్రాములే. వేడినీళ్లలో ఇంకా ఎక్కువ కరుగుతుందనుకుంటాం కానీ పంచదారకు చెల్లిన సూత్రం ఇక్కడ చెల్లదు, సున్నం వేడినీళ్లలో తక్కువే కరుగుతుంది. గొట్టం దొరక్కపోతే బొప్పాయి ఆకు కాడతో ఊదేవారు. తేట పాలలా మారేది. పాఠం అక్కడితో ఆపేయడం వల్ల అసలు రుచి తెలియకుండా పోయింది. ఊదుతూనే ఉంటే ఆ పాలు మళ్లీ తేటగా అయిపోతాయి. వాయువు ఎక్కువై కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్ అవుతుంది. ఆ తేటను మరగబెడితే మళ్లీ తెల్లబడుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లపొర అదే.

అరకు దారిలోని బొర్రా గుహలు, రాయలసీమలోని బెలుం గుహలు పుట్టింది ఈ ఊదుడు ప్రయోగం యుగాల తరబడి నడిస్తేనే. వాననీరు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువు మోసుకొచ్చి సున్నపురాయిని కరిగించింది. గుహ కప్పు దగ్గర ఆ వాయువు వదిలేసి రాయిని చుక్క చుక్కగా వేలాడదీసింది. పంచదార కరగడం భౌతిక మార్పు. రాయి ఇలా కరగడం రసాయనిక మార్పు. తెలుగులో రెండిటికీ కరగడం అన్న ఒక్క మాటే ఉండటంతో పరీక్షల్లో చాలామంది ఇక్కడ తడబడేవారు.

బెల్లం వండే చోటా సున్నపుతేటకు పని ఉంది. చెరుకురసం కొంచెం పులుపు వైపు ఉంటుంది. అలాగే కాస్తే పంచదార విరిగి గ్లూకోజూ ఫ్రక్టోజూ అవుతుంది, ఆ బెల్లం గట్టిపడదు, చెమ్మ లాగి జిగటగా కారుతుంది. అందుకని పెనంలో రసం వేడెక్కుతుండగా కాస్త సున్నపుతేట పోస్తారు. పులుపు తగ్గుతుంది, మడ్డి పైకి తేలుతుంది, బెండ జిగురు వేసి ఆ తెట్టు తీసేస్తారు. సున్నం ఎక్కువైతే విరిగిన చక్కెరలతో కలిసి బెల్లం నల్లబడుతుంది. అనకాపల్లి వైపు వంటవాళ్లకు ఆ కొలత చెంచాలతో కాదు, రసం రంగుతోనే తెలిసేది. ఆ తర్వాత నీళ్లు ఆవిరవడం భౌతిక మార్పే. పాకం 118 డిగ్రీల దాకా ఎక్కి, చన్నీళ్లలో వేస్తే ఉండ కట్టేలోపు రంగు మారడం, వాసన పుట్టడం మాత్రం రసాయనం పని. ఒకే పెనం, ఒకే మంట, రెండు మార్పులూ కలిసే నడుస్తాయి, గీత గీసి విడదీయడానికి వీల్లేకుండా.

సున్నం రాయి అయిపోయాక కూడా పులుపంటే పడదు. బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు పరిచిన వంటింట్లో నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికిన చోట తెల్లటి మచ్చ పడేది. ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది అంటుకున్న మురికి కాదు, రాయి పైపొర కరిగి నునుపు పోయిన చోటు. మళ్లీ పాలిష్ పట్టించడమే మందు. స్నానాల గదిలో నాపరాళ్లు ఉంటే యాసిడ్ పోసి కడగడం రాయిని కొంచెం కొంచెంగా తినిపించడమే.

తర్వాత పొడి డిస్టెంపర్ వచ్చింది, కుతకుత లేకుండా, రంగురంగుల్లో. అందులో ఉన్నది సుద్దపొడి, బంక, రంగు. నీళ్లు ఆరితే బంక పట్టుకుంటుంది, అంతకు మించి ఏమీ జరగదు. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు వచ్చేస్తుంది. సున్నం బాగా పట్టిన గోడ తడిగుడ్డకు రాదు. పాత సున్నపు గోడ మీద నేరుగా ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టించినవాళ్లకు రెండో వానాకాలానికి రేకులు రేకులుగా లేచి వస్తుంది. ఏళ్ల తరబడి వేసిన పొరల్లో పట్టు చాలనిది ఎక్కడో ఒకటి ఉంటుంది, పైన రంగు ఎంత ఖరీదైనదైనా దాన్ని పట్టుకునే వేలాడుతుంది. గీకి, గట్టి పొర తగిలేదాకా పోయి, దుమ్ము కడిగి, ఆరనిచ్చి అప్పుడు వేయించుకోవాలి. గీకేటప్పుడు ఊడిన పెచ్చు అంచు చూస్తే తెలుపు, నీలం తిరిగిన తెలుపు, అడుగున ఎర్రటి జాజు గీత, మళ్లీ తెలుపు, పండక్కి ఒక పొర చొప్పున లెక్కపెట్టుకోవచ్చు.